పోస్టమ్మ జవాబులు: డిసెంబరు ఉత్తరాలు

మార్గశిర లక్ష్మీవారాల ముగ్గులు వాకిట్లో ఇంకా చెరగలేదు, బజారులో అప్పుడే క్రిస్మస్ స్టార్లు కట్టేశారు. ఈసారి నాకొచ్చిన ఉత్తరాలూ అలాగే ఉన్నాయి. సగానికి పైగా ఒకటే గొడవ. పండగ పేరు పెట్టి శుభాకాంక్షలు చెప్పాలా, పేరెత్తకుండా అందరికీ కలిపి ఒక మాట అనేయాలా? అందుకని మోకాళ్ల నొప్పుల వాళ్లూ, గట్టు తగాదాల వాళ్లూ వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టండి.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను. నేను పాతపట్నం ఆడపిల్లని, పర్లాకిమిడి కోడలిని. పుట్టిల్లు ఆంధ్రాలో, అత్తిల్లు ఒడిశాలో, మధ్యలో ఆటో ప్రయాణం. పోస్టాఫీసులో ముందు తంతి, అంటే టెలిగ్రాం కౌంటరు, తర్వాత సేవింగ్స్ కౌంటరు చూసి రిటైరయ్యాను. ఊళ్లో పిల్లలు పోస్టమ్మ అనేవారు, ఎడిటరు గారు ఈ శీర్షికకు ఆ పేరే ఖాయం చేశారు.

ప్రశ్న: పోస్టమ్మ గారూ, మాది బట్టల కొట్టు. మామగారు పెట్టింది. ఏటా డిసెంబరులో కొట్టు ముందు ఫ్లెక్సీ కడతాం. మామగారు ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అని వేయించమంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసి వచ్చిన మా మరిది ‘హ్యాపీ హాలిడేస్’ అని ఉండాలంటాడు. పేరు పెడితే మిగతా కస్టమర్లు ఏమనుకుంటారో అని అతని భయం. పెద్ద కంపెనీలన్నీ ఇప్పుడు అలాగే రాస్తున్నాయట. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. ఫ్లెక్సీ అతను రోజూ ఫోన్ చేస్తున్నాడు.
— ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మాయీ, మీ మరిదిది చెడ్డ బుద్ధి కాదు. బెంగళూరు ఆఫీసులో ఎదుటి కుర్చీలో ఉన్న మనిషి ఏ ఊరివాడో, ఏ పండగ చేసుకుంటాడో తెలియదు. అక్కడ అందరికీ పనికొచ్చే మాట ఒకటి చూసుకోవడం సబబే. మీ కొట్టు సంగతి వేరు. డిసెంబరు పదో తారీకు దాటాక మీ గల్లా నింపేది ఎవరు? సెరంగో, గుమ్మ, నువాగడ, ఆర్. ఉదయగిరి వైపు కొండల మీద నుంచి దిగివచ్చే సవర కుటుంబాలు కాదూ? తండ్రి డబ్బు లెక్క చూసుకుంటూ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. తల్లి ఫ్రాకు తీసి పిల్ల వీపుకు ఆనించి, రెండేళ్లు వచ్చేలా ఒక సైజు పెద్దదే ఇమ్మంటుంది. పిల్లకేమో సైజుతో పని లేదు, మెరుపు లేసు ఉన్నదే కావాలి. ఆ ఫ్రాకు క్రిస్మస్ ఆరాధనకు తొడుక్కోవడానికే కొంటున్నారని మీ కొట్టులో మడతలు పెట్టే కుర్రాడికి కూడా తెలుసు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన గజపతి జిల్లాలో క్రైస్తవులు దాదాపు 38 శాతం. ఒడిశా మొత్తం మీద మూడు శాతం కూడా లేరు. అంటే రాష్ట్రంలో ఇంకెక్కడైనా ‘ఎవరో కొద్దిమంది’ అనుకోవచ్చేమో గానీ, మన సంతలో అలా అనుకోవడానికి లేదు. పండగ బేరం కావాలి, పండగ పేరు మాత్రం వద్దంటే ఎలా?

మా తంతి ఆఫీసు పద్ధతి ఒకటి చెబుతాను, మీ మరిదికి కూడా చదివి వినిపించు. శుభాకాంక్షల తంతులకు మా దగ్గర అచ్చువేసిన వాక్యాల జాబితా ఉండేది. ఫారం మీద నంబరు రాసిస్తే చాలు. తీగ మీద ఆ నంబరే వెళ్లేది, అవతలి ఆఫీసులో వాక్యం మొత్తం దించి బొమ్మల కాగితం మీద ఇంటికి పంపేవారు. ఒకటో నంబరు దీపావళి. రెండు ఈద్ ముబారక్. మూడు విజయదశమికి బెంగాలీ వాళ్లు చెప్పుకునే బిజయ. నాలుగు నూతన సంవత్సరం. తొమ్మిది మెర్రీ క్రిస్మస్. పెళ్లిళ్లకు ఎనిమిదీ, పదహారూ. ఎనిమిదిని తొమ్మిదిలా గీకి ఇచ్చిన ఒక మేనమామ పుణ్యాన వైశాఖమాసం పెళ్లి పందిట్లో ‘మెర్రీ క్రిస్మస్’ తంతి చదివారని మా ఆఫీసులో పాతవాళ్లు చెప్పుకుని నవ్వేవారు. నిజమో, వాళ్ల కల్పనో.

నేను చెప్పదలచింది ఏమిటంటే, ఆ పండగలన్నిటికీ కలిపి ఒకే నంబరు పెట్టేసుంటే డిపార్టుమెంటుకు బోలెడు సుఖం. పెట్టలేదు. ఏ పండగకు ఆ పేరుతోనే వాక్యం. పేరు లేని మాట కూడా జాబితాలో లేకపోలేదు, ‘ప్రేమపూర్వక శుభాకాంక్షలు’ అని. నేను కౌంటరులో ఉన్నన్నాళ్లూ పండక్కి దాన్ని అడిగినవాళ్లను చూడలేదు. 2013 జూలైలో తంతి సేవే ఆగిపోయింది గానీ, ఆ జాబితా తయారు చేసినవాడి బుర్రకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఇక ఫ్లెక్సీ ఖర్చు. మన నాయకుల్లా దసరా నుంచి సంక్రాంతి దాకా పండగలన్నీ ఒకే ఫ్లెక్సీలో కుక్కి, నాలుగు నెలలు ఎండకు వెలిసిపోయేదాకా ఉంచమనను. పైన పెద్ద అక్షరాల్లో ఒడియాలోనూ తెలుగులోనూ క్రిస్మస్ అని వేయించు, కింద నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు వేయించు. రెండు కలిపితే తప్పేమో అని మీ మామగారు సందేహపడితే ఇది చెప్పు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన అచ్చువేయించిన క్రిస్మస్ కార్డును అమ్మకానికి వచ్చిన మొదటి కార్డు అంటారు. దాని మీద కూడా క్రిస్మస్, కొత్త సంవత్సరం రెండూ కలిపే రాయించాడు. ఆయనకూ పోస్టేజీ మిగుల్చుకోవాలనే ఉండుంటుంది.

ప్రశ్న: పోస్టమ్మ గారూ, మా చిన్నమ్మాయి అమెరికాలో, డాలస్‌లో ఒక పెద్ద షాపులో బిల్లింగ్ దగ్గర పనిచేస్తోంది. డిసెంబరులో కస్టమర్లకు ‘హ్యాపీ హాలిడేస్’ అనమని మేనేజరు చెప్పాడట. అలా అంటే ఒక పెద్దాయన ‘మేం మెర్రీ క్రిస్మస్ అంటాం’ అని విసురుగా అని వెళ్లిపోయాడట. పిల్ల రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. శుభాకాంక్షలు చెప్పినా కోపం వచ్చేదేమిటండీ? తను హిందువని తెలిసి అలా అన్నాడా?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, ఆయన మనసులో ఏముందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను గానీ, ఆ కోపం మీ అమ్మాయిని చూసి పుట్టిందని అనుకోను. అక్కడ ఇదొక పాత తగువు. మా తమ్ముడి కొడుకు అక్కడే ఉంటాడు, వాడి మీద కేకలేస్తూ కొంతా, చదివి కొంతా తెలుసుకున్నాను.

ముందు ఒక వింత. అమెరికాలో క్రిస్మస్‌ను మొట్టమొదట నిషేధించింది క్రైస్తవులే. మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లని ఉండేవారు, మహా నిష్ఠాపరులు. ఆ తేదీ బైబిల్లో లేదు, పండగ పేరుతో తాగుడూ అల్లరీ తప్ప మరేం లేదు అని 1659లో చట్టం చేశారు. పండగ చేసుకుంటూ పట్టుబడితే ఐదు షిల్లింగుల జరిమానా. 1681లో గానీ ఎత్తేయలేదు. కేంద్ర ప్రభుత్వ సెలవుల్లో క్రిస్మస్ చేరింది 1870లో. ‘హ్యాపీ హాలిడేస్’ కూడా నిన్నమొన్న ఎవరో కుట్రపన్ని తెచ్చిన మాట కాదు. పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. క్రిస్మస్సూ న్యూ ఇయరూ దగ్గరదగ్గరగా వస్తాయి కాబట్టి రెండిటికీ కలిపి క్రైస్తవులే అనుకునేవారు.

మరి తగువెక్కడిది? ఎవరో మన పండగ లాగేసుకుంటున్నారన్న అనుమానం. ఆ ‘ఎవరో’ మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చారు. 1921 ప్రాంతంలో, క్రిస్మస్ కార్డుల మీద క్రీస్తు జననం కనపడకపోవడం యూదుల పని అని కార్ల హెన్రీ ఫోర్డ్ గారి పత్రిక రాసింది. 1959లో జాన్ బిర్చ్ సొసైటీ అనే సంఘం, ఇది కమ్యూనిస్టుల పని అంది. 2005 నాటికి ఫాక్స్ న్యూస్ టీవీలో ‘క్రిస్మస్ మీద యుద్ధం’ అని రోజూ చర్చలు. పేరెత్తని షాపుల్లో కొనవద్దని కొన్ని సంఘాలు పిలుపునిచ్చాయి. వాల్‌మార్ట్ అంతటిది 2006లో దారికొచ్చి మళ్లీ ‘మెర్రీ క్రిస్మస్’ అంది. 2015లో స్టార్‌బక్స్ వాళ్లు బొమ్మలు లేని ఎర్ర కప్పులో కాఫీ ఇచ్చారని ఇంకో రగడ. ట్రంప్ గారైతే నేను గెలిస్తే అందరూ మళ్లీ మెర్రీ క్రిస్మస్ అంటారని ఎన్నికల సభల్లో చెప్పారు. చివరికి శుభాకాంక్షలు కాస్తా పార్టీ కండువా అయిపోయాయి. మీ అమ్మాయి కౌంటరు దగ్గర ఒక మాట అంది, ఆ పెద్దాయన దాన్ని ఓటు అనుకున్నాడు.

ఇందులో నిజంగా ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది, టీవీ వాళ్లు దాన్ని కలగాపులగం చేస్తారు. అక్కడి రాజ్యాంగం ప్రభుత్వం ఏ మతాన్నీ నెత్తికెత్తుకోకూడదంటుంది. అందుకని కోర్టు మెట్ల మీద క్రీస్తు జననం బొమ్మలు పెట్టవచ్చా లేదా అని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1989లో పిట్స్‌బర్గ్ కేసులో, కోర్టు భవనం లోపల విడిగా పెట్టిన బొమ్మల కొలువు కుదరదన్నారు. ఇంకో ప్రభుత్వ భవనం బయట క్రిస్మస్ చెట్టు పక్కన పెట్టిన యూదుల దీపస్తంభం మాత్రం ఉండవచ్చన్నారు. ఇదంతా ప్రభుత్వానికి. మనుషులు ఒకరితో ఒకరు మెర్రీ క్రిస్మస్ అనకూడదని ఏ చట్టమూ లేదు. షాపు వాళ్లు ఎంచుకున్నది వ్యాపారం కోసం. మన దగ్గర పద్ధతే వేరు. మన ప్రభుత్వం ఏ పండగకూ దూరంగా ఉండదు, అన్నిటికీ సెలవిస్తుంది, అన్నిటికీ పేరు పెట్టి శుభాకాంక్షలు చెబుతుంది. అక్కడి తగువును ఇక్కడికి మోసుకురావడం అందుకే అనవసరం అంటాను.

మీ అమ్మాయికి చెప్పండి. షాపు చెప్పిన మాట ఉద్యోగం, అది అనాల్సిందే. కస్టమరు ముందుగా మెర్రీ క్రిస్మస్ అంటే చక్కగా నవ్వి అదే మాట తిరిగి చెప్పమనండి, యూదుల పండగ హనుకా పేరు చెబితే ఆ పేరే. మేనేజరు దానికి ఉద్యోగం తీసేయడు. 2017లో ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్లు అక్కడి జనాన్ని అడిగితే 52 శాతం మంది షాపులో ఏమన్నా మాకు ఫరవాలేదన్నారు. కోపం వచ్చేవాళ్లు తక్కువే, గొంతే పెద్దది. ఒకవేళ ఎవరైనా ‘మీ దేశానికి పో’ లాంటి మాట అంటే అది శుభాకాంక్షల గొడవ కాదు. వెంటనే పైవాళ్లకు చెప్పమనండి, ఏడుస్తూ కూర్చోవద్దనండి.

ప్రశ్న: మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒకరు క్రిస్మస్ శుభాకాంక్షలు పెట్టారు. దాని కింద ఇంకొకరు ‘హిందువులు ఇలా చెప్పవచ్చా’ అని రెండు పేజీల మెసేజ్ పెట్టారు. అప్పటి నుంచి గ్రూపులో మంచినీళ్ల ట్యాంకరు గురించి కూడా ఎవరూ మాట్లాడటం లేదు. మీరేమంటారు?
— బరంపురం పాఠకుడు

జవాబు: చెప్పవచ్చు. లక్ష్మీవారం వ్రతం చేసుకునే నేనే చెబుతాను. మీ అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర జరిగినన్నాళ్లూ మీ ఊళ్లో సాయిబులూ, క్రైస్తవులూ ఆ జనం మధ్యే వ్యాపారాలు చేసుకుంటారు, యాత్ర ఎలా జరుగుతోందని అడుగుతారు. వాళ్ల మతం ఏమైనా కరిగిపోయిందా? ఆ రెండు పేజీలకు జవాబు రాయకండి. ట్యాంకరు ఎన్నింటికి వస్తుందో అడగండి.

ప్రశ్న: పిన్నీ, మేము క్రైస్తవులం. గుణుపురంలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. దసరాకు, దీపావళికి, సంక్రాంతికి ప్రతి ఒక్కరి టేబుల్ దగ్గరికి వెళ్లి శుభాకాంక్షలు చెబుతాను. డిసెంబరు 24న మాత్రం మా వాళ్లందరూ ‘అడ్వాన్స్ హ్యాపీ న్యూ ఇయర్’ అంటారు. 26న వెళితే ‘సెలవు బాగా గడిచిందా’ అంటారు. క్రిస్మస్ అన్న మాట ఒక్కరి నోటా రాదు. చెడ్డవాళ్లు కారు, నాకు ఒంట్లో బాగోకపోతే ఇంటికొచ్చి చూసి వెళ్లినవాళ్లే. చిన్న విషయానికి బాధపడుతున్నానా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తల్లీ, చిన్న విషయమే అయితే ఇంత పొందికగా రెండు పేజీలు రాసి ఉండవు. అన్ని ఉత్తరాల్లోకీ నీదే నన్ను ఎక్కువ ఆపింది.

మీ ఆఫీసు వాళ్లలో కొందరికి ఏమనాలో తెలియదు. ‘హ్యాపీ’ అనాలా, ‘మెర్రీ’ అనాలా, మీవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేట్టు ‘వందనాలు’ అనాలా అని తడబడి, తెలిసిన న్యూ ఇయర్ అనేసి గట్టెక్కుతారు. వాళ్ల సంగతి తేలిక. ఇంకొందరిది జాగ్రత్త. మన ప్రాంతంలో ఆ జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలియంది కాదు. 2007 డిసెంబరు 24న కంధమాల్ జిల్లా బ్రాహ్మణిగావ్‌లో క్రిస్మస్ పందిరి దగ్గర మొదలైన తగువు జిల్లా అంతా పాకింది. చర్చిలు, ఇళ్లు తగలబడ్డాయి. మరుసటి ఏడు ఆగస్టులో అక్కడి విశ్వహిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద హత్య జరిగాక అంతకంటే ఘోరం చూశాం. మనుషులు చచ్చిపోయారు, వేలమంది శిబిరాల్లో తలదాచుకున్నారు. పక్కనున్న మా గజపతి జిల్లాకూ ఆ సెగ తగిలింది. అప్పట్నుంచి చాలామందికి, అటువాళ్లకీ ఇటువాళ్లకీ, ఆఫీసులో మతం పేరెత్తకపోతే మేలన్న అలవాటు పడింది. ముందు భయంతో నోరు కట్టుకున్నారు, ఏళ్లు గడిచాక దాన్నే మర్యాద అనుకుంటున్నారు.

ఆ మర్యాదను నేను ఒప్పుకోను. దీపావళికి నోరారా పేరు పెట్టుకుని, క్రిస్మస్ వచ్చేసరికి ‘సెలవు’ అనడం అందరినీ సమానంగా చూడటం కాదు. పేరెత్తకూడదు అనుకుంటే దసరాకు కూడా ‘సెలవు బాగా గడిచిందా’ అనాలి కదా! ఈ ‘హ్యాపీ హాలిడేస్’ బేరం మన దగ్గర ఎప్పుడూ ఒక్కరి పండగ మీదే పడుతుంది. మీ ఆఫీసు వాళ్లు ఇది చదివితే వాళ్లకు నా మాట. ‘హ్యాపీ క్రిస్మస్’ అనండి, చాలు. ఆ అమ్మాయి మిమ్మల్ని చర్చికి రమ్మనదు.

తంతి కౌంటరు రోజుల్లో కొండల మీద నుంచి ఒక సవర పెద్దాయన ఏటా డిసెంబరులో వచ్చేవాడు. కొడుకు అస్సాంలో తేయాకు తోటలో పని. ఇంగ్లీషు రాదు, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడేవాడు. ఫారం నా చేత నింపించుకుని, నంబరు గడిలో మాత్రం పెన్ను తనే తీసుకుని ‘9’ గీసేవాడు. సున్నా చుట్టి తోక లాగడానికి చాలాసేపు పట్టేది. తర్వాత, అది ఏమని వెళుతుందో చదవమనేవాడు. చదివితే, ఇంకోసారి అనేవాడు. వెనక మనియార్డరు జనం సణుగుతూ ఉండేవారు. మా పోస్టుమాస్టరు ఒకసారి, నంబరు నాలుగు అయితే న్యూ ఇయర్ కూడా అయిపోతుంది, ఆలస్యంగా చేరినా ఫరవాలేదని సలహా ఇచ్చాడు. ఆయన మంచికే చెప్పాడు, డిసెంబరులో తంతులు పేరుకుపోయేవి. పెద్దాయన ఫారం వెనక్కి లాక్కుని, ‘ఆలస్యమైనా తొమ్మిదే పంపు’ అన్నాడు.

ఇక నువ్వు చేయాల్సింది. ఈ 24న వాళ్లు అనేదాకా చూడకు. ఇంట్లో అరిసెలు, కజ్జికాయలు చేస్తారు కదా, ఒక డబ్బా నిండా పట్టుకెళ్లి ‘రేపు క్రిస్మస్, ఇవాళే తినేయండి’ అని నీ నోటితో ఆ మాట అను. చాలామందికి కావాల్సింది ఆ మాట ముందుగా ఎవరో ఒకరు అనడమే. నా పండగకు నేనే శుభాకాంక్షలు అడుక్కోవాలా అంటావేమో. అడుక్కోవడం ఎందుకవుతుంది? దసరాకు వాళ్లు నీ టేబుల్ మీద ప్రసాదం పెట్టినప్పుడు అడుక్కున్నారా? అప్పటికీ మూతి ముడుచుకునేవాడు ఒకడుంటాడు. వాడి దగ్గర శుభాకాంక్షలు ముక్కుపిండి వసూలు చేయలేం. వాడి వాటా అరిసె పక్కవాళ్లకు పెట్టెయ్యి.

ప్రశ్న: మేడమ్, నేను జయపురంలో ఒక ప్రైవేటు స్కూలు టీచర్ని. ఈ ఏడు మా మేనేజ్‌మెంట్ క్రిస్మస్ వేడుక అనకుండా ‘వింటర్ ఫెస్ట్’ అని సర్క్యులర్ పంపింది. స్టార్లూ, చెట్టూ, శాంటా టోపీలూ అన్నీ మామూలే, పేరొక్కటే లేదు. ఇప్పుడు శాంటా టోపీ ఎందుకని కొందరు తల్లిదండ్రులు, పేరెందుకు తీసేశారని ఇంకొందరు. ఇద్దరి తిట్లూ తినేది క్లాస్ టీచర్లం.
— టీచరు, జయపురం

జవాబు: టీచరమ్మా, ఈ సినిమా ఇంగ్లండులో ఆడేసింది. బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ 1997లో ‘వింటర్‌వాల్’ అని పేరు పెట్టింది. నవంబరు నుంచి జనవరి దాకా దీపావళి, ఈద్, క్రిస్మస్, న్యూ ఇయర్ అన్నీ వరసగా వస్తాయి కదా, ఊళ్లోకి జనాన్ని రప్పించడానికి అన్నిటికీ కలిపి ఒక ప్రచారం పేరు. క్రిస్మస్ లైట్లు, పాటలు, కౌన్సిల్ భవనానికి ‘మెర్రీ క్రిస్మస్’ బ్యానరు, అన్నీ ఉన్నాయి. అయినా క్రిస్మస్‌ను రద్దు చేశారని పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. 2011లో ఒక పెద్ద పత్రిక అది తప్పని సవరణ వేసుకుంది. అప్పటికి ఆ పేరు తిట్టుపదం అయిపోయింది. మీ మేనేజ్‌మెంట్ అయితే వాళ్లకంటే ఒక అడుగు ముందుకేసింది. వాళ్లు పేరు కలిపారు, మీవాళ్లు పేరు తీసేసి టోపీలు ఉంచుకున్నారు.

మీ స్కూల్లో ఇది మరీ విడ్డూరం. 1882లో జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చిన ప్రాంతం మీది. వాళ్ల సంఘం ఇప్పటికీ ‘జయపూర్’ పేరుతోనే ఉంది. క్రిస్మస్ జయపురానికి ఇంటర్నెట్‌లో వచ్చిందేమీ కాదు. స్టాఫ్ మీటింగులో మెత్తగా అడుగు. చేస్తే క్రిస్మస్ అని పేరు పెట్టి చేద్దాం, లేదంటే టోపీలు కూడా మానేసి సైన్స్ ఫెయిర్ పెట్టుకుందాం. పేరు పెట్టి చేస్తే ఎవరి బిడ్డనూ బలవంతంగా ప్రార్థనలో నిలబెట్టకండి. ఆరాధనలో పాల్గొనమని పిల్లల్ని తల్లిదండ్రుల ఇష్టం లేకుండా నిర్బంధించకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లన్నిటికీ అది వర్తిస్తుంది. సర్క్యులర్లోనే ‘ఇష్టమైతే పంపండి’ అని ఒక లైను వేయిస్తే నీ ఫోను సగం మోత తగ్గుతుంది. మిగతా సగం తగ్గదు. టీచరు ఉద్యోగం.

ప్రశ్న: అమ్మా, పేరు పెట్టి చెప్పాలని మీరు ఎప్పుడూ అంటారు. అలాగే పోయిన ఏడు మా ఫ్రెండుకు ‘హ్యాపీ మొహర్రం’ అని మెసేజ్ పెట్టాను. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదన్నాడు. గుడ్ ఫ్రైడేకి కూడా ఇలాగే అయింది.
— ఇంజినీరింగ్ కుర్రాడు, కోరాపుట్

జవాబు: బాబూ, మొహర్రం పదో రోజు కర్బలాలో ఇమాం హుసేన్ చనిపోయిన రోజు. మన ఊళ్లలో డప్పులతో పీర్లు ఎత్తుతారు కాబట్టి నీకు పండగలా కనపడింది, నీ తప్పు కొంతే. గుడ్ ఫ్రైడే యేసును సిలువ వేసిన రోజు, మన గుణుపురం అమ్మాయి లాంటివాళ్లు చాలామంది ఉపవాసం ఉంటారు. క్యాలెండర్లో ఎర్ర అంకె కనపడగానే ఫోన్ తీయకు. ముందు ఆ ఫ్రెండునే అడుగు, రేపు మీకు ఏమిటి అని. ఈస్టర్ అయితే ఆదివారం వస్తుంది, రెండు రోజులు ఆగి అప్పుడు పెట్టు.